అన్నీ అప్పగించి వెళ్లిన అస్సీసీ ఫ్రాన్సిస్

మనమంతా ముప్పై, ముప్పై అయిదేళ్లు సర్వీసు చేసి పదవీ విరమణ పొందినవాళ్లం. చివరి రోజున పూలదండ వేశారు, శాలువా కప్పారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. చార్జి లిస్టు మీద సంతకం చేసి, బీరువా తాళాలు, రబ్బరు స్టాంపులు మన తరువాత వచ్చినవారి చేతిలో పెట్టి ఇంటికి వచ్చాం. కాగితాల మీద అప్పగింత ఆ ఒక్క సాయంత్రంతో పూర్తయింది. మనసులో అప్పగింత ఎన్నాళ్లకు పూర్తయిందో ఎవరికి వారే చెప్పుకోవాలి.

నా సంగతి చెబుతాను. విరమణ అయిన రెండు నెలలకు ఏదో కాగితం పనిమీద పాత ఆఫీసుకు వెళ్లాను. కిటికీ పక్కన ఉండే నా కుర్చీని గోడ వైపుకు మార్చారు. ఏళ్ల తరబడి నేను ఒక వరుసలో పెట్టించిన ఫైళ్లు ఇంకో వరుసలో ఉన్నాయి. కొత్తగా వచ్చినాయన మర్యాదగానే టీ తెప్పించాడు. పని కూడా అయింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుర్చీ జరిగినందుకు నిద్ర పట్టకపోవడమేమిటని మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను.

ఆ తరువాత కొన్నాళ్లకు అస్సీసీ ఫ్రాన్సిస్ జీవితం చదివాను. ఈయన ఇటలీ దేశపు సాధువు. క్రైస్తవులకే గాక ఇతర మతాలవారికి కూడా ఆరాధ్యుడు. కోటీశ్వరుని కొడుకై పుట్టి ఆస్తిని వదిలి భిక్షాటన చేశాడని అందరికీ తెలుసు. మనకు సిద్ధార్థుని కథ తెలుసు గనుక ఇది వింతగా తోచదు. కానీ ఫ్రాన్సిస్ వదిలినవాటిలో ఆస్తి మొదటిది మాత్రమే. అంతకన్నా కష్టమైనది చివరలో వదిలాడు. ఆ చివరి భాగం మనవంటి విశ్రాంత ఉద్యోగులు తెలుసుకోదగినది. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను.

బట్టల వ్యాపారి కొడుకు

మధ్య ఇటలీలో ఉంబ్రియా అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ కొండవాలు మీద కట్టిన ఊరు అస్సీసీ. ఆ ఊరిలో పీటర్ బెర్నార్డోన్ అనే సంపన్నుడైన బట్టల వర్తకుడు ఉండేవాడు. ఫ్రాన్స్ దేశం నుంచి ఖరీదైన బట్టలు తెచ్చి అమ్మేవాడు. భార్య పేరు పీకా. వారికి 1181లోనో 1182లోనో ఒక కొడుకు పుట్టాడు. తల్లి జ్ఞానస్నానం చేయించి జాన్ అని పేరు పెట్టిస్తే, వ్యాపారం నుంచి తిరిగి వచ్చిన తండ్రి తనకు ఇష్టమైన ఫ్రాన్స్ దేశం పేరు మీదుగా ఫ్రాన్సిస్ అని పిలుచుకున్నాడు. ఆ పిలుపే లోకంలో నిలిచింది.

కుర్రవాడు దుకాణంలో చురుకైనవాడు. సంపాదించడంలో ఎంత నేర్పరో ఖర్చు పెట్టడంలో అంతకు రెట్టింపు. విందులు, పాటలు, స్నేహితులతో అర్ధరాత్రి దాకా వీధుల్లో షికార్లు, రంగురంగుల దుస్తులు. వ్యాపారి కొడుకులా కాక రాజకుమారుడిలా డబ్బు చల్లుతున్నాడని ఇరుగుపొరుగు చెప్పుకునేవారు. తండ్రి గొణుక్కున్నా లోలోపల మురిసిపోయేవాడు. తన కొడుకు గొప్పవాళ్ల పిల్లలతో సమానంగా తిరగడం ఆయనకు కావలసిందే.

ఆ కాలంలో ఇటలీలో ఊరికీ ఊరికీ మధ్య యుద్ధాలు జరిగేవి. 1202లో అస్సీసీకి, పక్కనే ఉన్న పెరుజియాకు యుద్ధం వచ్చింది. ఇరవై ఏళ్ల ఫ్రాన్సిస్ గుర్రమెక్కి వెళ్లాడు. అస్సీసీ ఓడిపోయింది. అతడు శత్రువులకు చిక్కి సుమారు ఏడాది చెరలో ఉన్నాడు. విడుదలై వచ్చాక చాలాకాలం జబ్బుపడ్డాడు. లేచి కర్ర ఊతంతో బయటకు వచ్చి తనకెంతో ఇష్టమైన పొలాలు, ద్రాక్షతోటలు చూస్తే ఏమీ సంతోషం కలగలేదట. తనలో ఏదో మారిందని అప్పుడే తెలిసింది.

అయినా ఆశ చావలేదు. వీరుడిగా పేరు తెచ్చుకోవాలని మళ్లీ ఒక దండయాత్రకు ఖరీదైన ఆయుధాలతో బయలుదేరాడు. స్పొలేటో అనే ఊరు చేరేసరికి ఒక కల వచ్చింది. యజమానిని వదిలి సేవకుని వెంట ఎందుకు పోతున్నావన్నట్టుగా ఆ కల అతడికి అర్థమైంది. గుర్రాన్ని వెనక్కు తిప్పాడు. ఊరు నవ్వుతుందని తెలిసే తిప్పాడు.

గుర్రం దిగిన రోజు

ఫ్రాన్సిస్‌కు కుష్ఠురోగులంటే విపరీతమైన అసహ్యం. వారుండే చోటికి రెండు మైళ్ల దూరాన ఉన్నా ముక్కు మూసుకునేవాడు. ఒకరోజు గుర్రం మీద పోతుండగా దారిలో ఒక కుష్ఠురోగి ఎదురయ్యాడు. అలవాటు ప్రకారం పక్కకు తప్పుకోబోయి, ఆగి, గుర్రం దిగాడు. అతని చేతిలో డబ్బు పెట్టి ఆ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. తన మారిన జీవితానికి మొదలు ఇదేనని మరణానికి ముందు చెప్పి రాయించిన తన వీలునామాలో పేర్కొన్నాడు. అంతవరకూ చేదుగా ఉన్నది ఆ రోజు నుంచి తీపిగా మారిందని ఆయన అనుభవం. గమనించండి, ఆయన మొదట వదిలినది ధనం కాదు, అసహ్యం.

ఊరి బయట సాన్ దమియానో అనే పాడుబడిన చిన్న గుడి ఉండేది. అక్కడి సిలువ ముందు మోకరించి ప్రార్థిస్తుండగా, కూలిపోతున్న తన ఇంటిని బాగుచేయమని క్రీస్తు ఆజ్ఞాపించినట్టు ఆయనకు వినబడింది. ఆ మాటను ఆయన అక్షరాలా తీసుకున్నాడు. తండ్రి దుకాణంలోని బట్టలు గుర్రం మీద వేసుకుని ఫొలిగ్నో అనే ఊరి సంతకు పోయి బట్టలూ గుర్రమూ అమ్మేసి, కాలినడకన తిరిగి వచ్చి ఆ డబ్బు గుడి పూజారికి ఇవ్వబోయాడు. పూజారి భయపడి తీసుకోలేదు. ఫ్రాన్సిస్ ఆ డబ్బుమూటను కిటికీలోకి విసిరేసి అక్కడే ఉండిపోయాడు.

తండ్రి కోపం మనం అర్థం చేసుకోగలం. కష్టపడి సంపాదించినవాడు. కొడుకును పట్టి తెచ్చి ఇంట్లో బంధించాడు. ఆయన ఊళ్లో లేని సమయం చూసి తల్లి కట్లు విప్పి పంపేసింది. చివరకు తగవు అస్సీసీ బిషప్పు దగ్గరకు వెళ్లింది. 1206 తొలినాళ్ల మాట ఇది. జనం గుమిగూడారు. మీ నాయన డబ్బు ఆయనకు ఇచ్చెయ్యమని బిషప్పు హితవు చెప్పాడు. ఫ్రాన్సిస్ డబ్బుతో ఊరుకోలేదు. లోపలికి పోయి ఒంటిమీది బట్టలన్నీ విప్పి, వాటిమీద డబ్బు పెట్టి, అందరి ఎదుటా తండ్రి ముందుంచాడు. ఇకమీదట పరలోకమందున్నవాడే తన తండ్రి అని ప్రకటించాడు. బిషప్పు లేచి తన పైవస్త్రం ఆ యువకునికి కప్పాడు. బెర్నార్డోన్ ఆ బట్టలు చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లాడు.

ఈ దృశ్యాన్ని తరువాతి కాలపు చిత్రకారులు ఎందరో చిత్రించారు. చూడడానికి గొప్పగా ఉంటుంది. కానీ తండ్రి వైపు నుంచి చూస్తే గుండె చివుక్కుమంటుంది. ఆ తరువాత వీధిలో ఎదురుపడినప్పుడల్లా తండ్రి కొడుకును శపించేవాడు. ఆ శాపం ఫ్రాన్సిస్‌ను ఎంతగా బాధించిందంటే, ఒక ముసలి బిచ్చగాడిని బతిమాలి తండ్రిగా చేసుకుని, అసలు తండ్రి తిట్టినప్పుడల్లా ఈయన చేత దీవెన పొందేవాడు. తెగతెంపులు చేసుకున్నా నొప్పి పోలేదన్నమాట. విరాగి అంటే నొప్పి తెలియనివాడని కొందరనుకుంటారు. ఫ్రాన్సిస్ విషయంలో మాత్రం అది నిజం కాదు.

సిగ్గు వదిలించుకోవడం

ఆస్తి ఒక్క రోజులో పోయింది. పరువు అనే తొడుగు అంత తొందరగా ఊడలేదు. ఆయన గుడుల మరమ్మతుకు రాళ్లు అడుక్కునేవాడు, తానే మోసేవాడు. ఒకసారి సాన్ దమియానో దీపానికి నూనె అడగడానికి ఊళ్లోకి వెళ్లాడు. ఒక ఇంటి దగ్గర పాత స్నేహితులు ఆటలాడుకుంటూ కనిపించారు. సిగ్గేసి వెనక్కు తిరిగాడు. నాలుగు అడుగులు వేసి ఆగాడు. మళ్లీ ఆ ఇంటికే వెళ్లి, మిమ్మల్ని చూసి సిగ్గుపడి పారిపోయానని వారందరి ముందూ ఒప్పుకుని నూనె అడిగి తీసుకున్నాడు. ఇంటింటా అడిగిన అన్నం అంతా ఒకే గిన్నెలో కలిసిపోతే మొదటిసారి కడుపులో తిప్పిందట. అలాగే తిన్నాడు.

సుమారు 1208లో ఒకరోజు చర్చిలో సువార్త పఠనం విన్నాడు. క్రీస్తు తన శిష్యులను పంపుతూ వెండి బంగారాలు గాని, సంచి గాని, రెండో అంగీ గాని తీసుకుపోవద్దని చెప్పిన ఘట్టం అది. తాను చేయవలసినది ఇదేనని నిశ్చయించుకున్నాడు. చెప్పులు, చేతికర్ర, తోలు నడికట్టు వదిలేసి ముతక అంగీ వేసుకుని నడుముకు తాడు కట్టుకున్నాడు. ఆ తాడు ఈ రోజుకూ ఫ్రాన్సిస్కన్ సన్యాసుల గుర్తు.

ఊరివారు మొదట పిచ్చివాడన్నారు, పిల్లలు రాళ్లు విసిరారు. తరువాత ఒక్కొక్కరే వచ్చి చేరారు. మొదటివాడు క్వింటవల్లె బెర్నార్డు అనే సంపన్నుడు. ఆయన తన సర్వస్వమూ అమ్మి పేదలకు పంచిపెట్టి వచ్చాడు. పీటర్ కతానీ అనే చదువుకున్న పెద్దమనిషి చేరాడు. పీటర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1209లో పదకొండుమంది తోటివారితో ఫ్రాన్సిస్ రోముకు నడిచి వెళ్లి మూడవ ఇన్నోసెంట్ పోపు నుంచి నోటిమాటగా అనుమతి పొందాడు. 1212లో అస్సీసీకి చెందిన క్లారా అనే గొప్పింటి అమ్మాయి ఇల్లు వదిలి వచ్చి ఇదే వ్రతం పట్టింది. ఆమెతో స్త్రీల మఠం ఆరంభమైంది.

వీరు సోమరులు కారు. చేతులతో పనిచేయాలని ఫ్రాన్సిస్ నియమం. పొలాల్లో, ఇళ్లలో పనిచేసి, కూలిగా తిండి వంటి అవసరాలు పుచ్చుకునేవారు. డబ్బు మాత్రం ముట్టకూడదు. పని దొరకనప్పుడే, కూలి రానప్పుడే భిక్ష. సొంత ఆస్తి లేకుండా బతకడం కష్టం కదా అని బిషప్పు ఒకసారి అడిగాడు. ఆస్తి ఉంటే దాన్ని కాపాడుకోవడానికి ఆయుధాలు కావాలి, వ్యాజ్యాలు వస్తాయి, అప్పుడు దేవుని మీదా పొరుగువారి మీదా ప్రేమకు చోటెక్కడ అని ఫ్రాన్సిస్ సమాధానం. గట్టు తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన ఊళ్లలో ఎన్ని లేవు? ఆయన మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

చిన్నవాటి విషయంలో కూడా ఆయన చాలా జాగ్రత్తగా ఉండేవాడు. ఒక ఉపవాస కాలంలో తీరిక సమయాల్లో ఒక చిన్న గిన్నె తయారుచేశాడు. ప్రార్థన చెబుతుండగా చూపు ఆ గిన్నె మీదకు పోయింది, మనసు కూడా దాని వెంట పోయింది. ప్రార్థన ముగియగానే ఆ గిన్నెను నిప్పులో పడేశాడు. గిన్నె పాపం చేసిందని కాదు. తన చేతిపని తనను పట్టుకున్నదని గ్రహించాడు.

గిన్నెను కాల్చడం తేలిక. చేతిపని ఒక మహాసంఘమైతే ఏం చేయాలి?

అన్నిటికన్నా పెద్ద అప్పగింత

పదేళ్లలో పన్నెండుమంది కాస్తా వేలయ్యారు. ఇటలీ దాటి ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ దేశాలకు వెళ్లారు. 1219లో ఫ్రాన్సిస్ ఈజిప్టు ప్రయాణమయ్యాడు. అక్కడ డమియెట్టా నగరం దగ్గర క్రైస్తవ సైన్యాలకూ ముస్లిం సైన్యాలకూ ఘోరయుద్ధం జరుగుతోంది. ఫ్రాన్సిస్ ఆయుధం లేకుండా, ఒక సోదరుణ్ణి వెంటబెట్టుకుని అవతలి పక్షానికి నడిచి వెళ్లి సుల్తాన్ మాలిక్ అల్ కామిల్‌ను కలుసుకున్నాడు. సుల్తాన్ ఆయన మాటలు మర్యాదగా విని క్షేమంగా పంపించాడు. ఎవరూ మతం మార్చుకోలేదు, యుద్ధం ఆగలేదు. అయినా ఆ సమావేశం ఎనిమిది శతాబ్దాలుగా గుర్తుండిపోయింది.

ఆయన తూర్పు దేశాల్లో ఉన్న సమయంలో ఇక్కడ సంఘంలో చిక్కులు వచ్చాయి. తాత్కాలికంగా బాధ్యత చూస్తున్నవారు కొత్త ఉపవాస నియమాలు పెట్టారు. చదువుకున్నవారు పుస్తకాలు కావాలన్నారు, మఠాలు కావాలన్నారు. వేలమంది ఉన్న సంస్థను పన్నెండుమంది బతికినట్టు నడపలేమని వారి వాదం. అందులో న్యాయం లేదని చెప్పలేం. ఆఫీసు నడిపినవారికి తెలుసు. నలుగురితో జరిగే పనికి నోటిమాట చాలు, నాలుగు వేలమందికి రూల్సు కావాలి.

ఫ్రాన్సిస్‌కు మాత్రం ఇది మింగుడుపడలేదు. అస్సీసీ పౌరులు సోదరుల కోసం ఒక ఇల్లు కట్టించారని తెలిసి, పైకప్పు ఎక్కి పెంకులు పీకి కింద పడేయడం మొదలుపెట్టాడు. అది ఊరి ఆస్తి, మీ సోదరులది కాదని నగర రక్షకులు నచ్చజెప్పాకే దిగి వచ్చాడు. బొలోన్యాలో సోదరుల ఇల్లు అని జనం పిలుస్తున్న ఒక భవనం నుంచి అందరినీ, రోగులతో సహా, బయటకు రమ్మన్నాడు. అది చర్చి సొత్తు అని కార్డినల్ ఉగొలీనో బహిరంగంగా చెప్పిన తరువాతే తిరిగి వెళ్లనిచ్చాడు. రోగులను సైతం లేవనెత్తడం కఠినమేనని మనకు తోస్తుంది. మహనీయుల కథ చెప్పేటప్పుడు ఇటువంటివి దాచకూడదు.

ఆయన 1220లో ఈజిప్టు నుంచి తిరిగి వచ్చేసరికి ఆరోగ్యం పాడైంది. కళ్లకు తీవ్రమైన జబ్బు పట్టింది. వయసు ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. ఆ ఏడు జరిగిన సర్వసభ్య సమావేశంలో సోదరులందరి ఎదుట నాయకత్వానికి రాజీనామా చేశాడు. ఇకనుంచి మీ దృష్టిలో నేను చనిపోయినవాడినేనని చెప్పి, పీటర్ కతానీని చూపించి, నేనూ మీరూ ఇతనికే విధేయులమన్నాడు. అందరికన్నా ముందు తానే పీటర్ ముందు వంగి విధేయత ప్రమాణం చేశాడు. తాను చేర్చుకున్న శిష్యుని ముందు! అక్కడున్నవారు వెక్కివెక్కి ఏడ్చారు.

పీటర్ ఆరు నెలలకే, 1221 మార్చిలో, కన్నుమూశాడు. ఆ స్థానంలోకి ఎలియాస్ అనే సమర్థుడైన కార్యదక్షుడు వచ్చాడు. ఫ్రాన్సిస్ మళ్లీ కుర్చీ ఎక్కలేదు. పైగా తన వెంట ఉండే సోదరులలో ఒకరిని తనకు పెద్దగా నియమించమని కోరాడు. నిన్నగాక మొన్న చేరినవాణ్ణి పెద్దగా పెట్టినా ఆయన చెప్పినట్టే వింటానన్నాడు, విన్నాడు.

ఇక్కడితో ఆపితే కథ చక్కగా ఉంటుంది. కానీ అసలు పోరాటం ఇక్కడే మొదలైంది. పదవి వదిలాక ఆయన మనసు కుదుటపడలేదు. దాదాపు రెండేళ్లు తీవ్రమైన మనోవేదనతో గడిపాడని దగ్గరగా ఉన్న సోదరులు రాసి ఉంచారు. సోదరుల ముఖం చూడలేక దూరంగా వెళ్లి కూర్చునేవాడు. జబ్బుతో పడుకుని ఉండగా, నా సంఘాన్ని, నా సోదరులను నా చేతుల్లోంచి లాక్కున్నదెవరని ఒకసారి ఆక్రోశించాడు కూడా. తన దగ్గర డబ్బుసంచి లేదు, ఇల్లు లేదు, రెండో అంగీ లేదు. అయినా నాది అనే మాట ఒకటి మిగిలి ఉంది. ఆస్తి మీద కాదు, చేసిన మంచి పని మీద.

ఆ వేదనలో ప్రార్థిస్తుండగా ఆయనకు ఒక సమాధానం దొరికింది. ఈ మంద ఎవరిది? కాపరిగా నిన్ను పెట్టింది ఎవరు? నీకన్నా ముందు దీన్ని చూసుకునేవాడు ఒకడున్నాడు గదా, నీకెందుకు దిగులు? దేవుడు ఇలా మందలించినట్టు ఆయన గ్రహించాడు. బిషప్పు ముందు బట్టలు విప్పడానికి ఒక్క నిమిషం పట్టింది. ఈ చివరి అంగీ విప్పడానికి రెండేళ్లు పట్టింది.

1223 నవంబరు 29న మూడవ హొనోరియస్ పోపు సంఘ నియమావళిని ఆమోదించాడు. 1221లో తయారైన ప్రతిలో ఉన్న కొన్ని కఠినమైన సువార్త వాక్యాలు ఈ తుది ప్రతిలో లేవు. ఫ్రాన్సిస్ దాన్ని అంగీకరించాడు. నెల తిరగకుండా గ్రేచ్చో అనే కొండ పల్లెలో క్రిస్మస్ రాత్రి గడ్డి పరిపించి, ఎద్దును గాడిదను తెప్పించి, బాలయేసు పుట్టిన పశువుల తొట్టిని పల్లెవాసుల కళ్లకు కట్టించాడు. ఈనాడు మన ఊళ్లలోని చర్చిలలోనూ ఇళ్లలోనూ క్రిస్మస్‌కు పశువుల పాక పెట్టే ఆచారం వ్యాపించడానికి ఆ రాత్రే ప్రేరణ. కుర్చీ దిగినవాడు పసివాడిలా పండుగ చేసుకున్నాడు. మనసు తేలికపడిందని దీన్నిబట్టే తెలుస్తోంది.

చివరి రెండేళ్లు

1224 సెప్టెంబరులో లా వెర్నా కొండమీద ఏకాంత ప్రార్థనలో ఉండగా, సిలువ వేయబడిన క్రీస్తు గాయాల వంటివి ఆయన చేతుల మీద, పాదాల మీద, పక్కన ఏర్పడ్డాయని తోటివారు రాశారు. వాటిని ఆయన ఎవరికీ చూపించక దాచుకున్నాడు. కళ్ల జబ్బు ముదిరింది. ఆ కాలపు వైద్యం ప్రకారం ఎర్రగా కాల్చిన ఇనుముతో కణత మీద వాత పెట్టారు. తోటి సోదరులు చూడలేక పారిపోతే, ఆయన అగ్నిని సోదరా అని పిలిచి తనపట్ల కాస్త మెత్తగా ఉండమని కోరుకున్నాడట. ఆ వైద్యం వల్ల ఫలితం లేకపోయింది.

వెలుతురు చూడలేని ఆ స్థితిలో, 1225లో, సూర్యుని మీద కీర్తన రచించాడు. లాటిన్‌లో కాదు, ఇంట్లో మాట్లాడుకునే ఉంబ్రియా భాషలో. ఇటలీ భాషా సాహిత్యానికి తొలి రచనల్లో అది ఒకటి. సూర్యుడు, చంద్రుడు, గాలి, నీరు, నిప్పు, భూమి అన్నీ తోబుట్టువులే అందులో. అన్నీ వదిలినవాడికి అన్నీ చుట్టాలైపోయాయి. ఆ రోజుల్లోనే అస్సీసీ బిషప్పుకూ నగర పాలకునికీ వైరం పెరిగితే, క్షమాగుణం మీద ఒక చరణం కలిపి పాడించి ఇద్దరినీ కలిపాడు.

ఇంకో మాట. తన శరీరాన్ని ఉపవాసాలతో, చలితో విపరీతంగా కష్టపెట్టాననీ, ఈ గాడిద సోదరునికి అన్యాయం చేశాననీ చివరి రోజుల్లో ఒప్పుకున్నాడు. మరణశయ్య మీద ఉండగా రోములోని జకోబా అనే భక్తురాలు బాదంపప్పుతో చేసే మిఠాయి తినాలని ఆశపడ్డాడు. కబురు పంపేలోపే ఆమె ఆ మిఠాయితో వచ్చిందట. కొంచెం రుచి చూశాడు. వదలడమంటే తీపి మీద పగ పట్టడం కాదని ఆయనకు తెలిసింది.

1226లో అవసానకాలం దగ్గరపడింది. తన సంఘం పుట్టిన పొర్జియుంకొలా అనే చిన్న గుడి దగ్గరకు తీసుకుపొమ్మన్నాడు. అక్కడ అంగీ విప్పించి, వట్టి నేల మీద పడుకోబెట్టమన్నాడు. ఇరవై ఏళ్ల క్రితం బిషప్పు ముందు ఎలా నిలబడ్డాడో అలాగే పోవాలని ఆయన కోరిక. అప్పుడు ఆయనకు పెద్దగా ఉన్న సోదరుడు ఒక అంగీ తెచ్చి, ఇది నీది కాదు, నీకు ఎరువిస్తున్నాను, ఎవరికీ ఇచ్చే హక్కు నీకు లేదు, తొడుక్కోవాలని ఆజ్ఞాపించాడు. ఫ్రాన్సిస్ ఎంతో సంతోషించాడు. ఒంటిమీది చివరి బట్ట కూడా తనది కానందుకు ఆ సంతోషం. అక్టోబరు 3 సాయంత్రం ఆయన ప్రాణం పోయింది. వయసు నలభై నాలుగో నలభై అయిదో. 2026 అక్టోబరు 3తో ఆ సాయంత్రానికి సరిగ్గా 800 సంవత్సరాలు.

రెండేళ్లు తిరగకుండానే, 1228 జూలై 16న, తొమ్మిదవ గ్రెగరీ పోపు ఆయనను పునీతునిగా ప్రకటించాడు. ఈ పోపు మరెవరో కాదు, పాత కార్డినల్ ఉగొలీనోయే. అదే ఏడు ఎలియాస్ పర్యవేక్షణలో అస్సీసీలో బ్రహ్మాండమైన దేవాలయ నిర్మాణం ఆరంభమైంది. పెంకులు పీకినవాడి సమాధి మీద అంత గొప్ప కట్టడం లేచింది. ఆయన ఉంటే పైకప్పు ఎక్కేవాడేమో! కానీ అప్పటికే ఆ విషయమూ ఆయన చేతుల్లోంచి ఇతరులకు అప్పగించేసి వెళ్లాడు. 1979లో రెండవ జాన్ పాల్ పోపు ఆయనను పర్యావరణ పరిరక్షకుల పాలక పునీతునిగా ప్రకటించాడు.

మనకు అందేది

ఫ్రాన్సిస్ బాటలో మనం నడవగలమని నేను చెప్పడం లేదు. పెన్షన్ ఒకటో తారీఖున రాకపోతే రెండో తారీఖున బ్యాంకు దగ్గర నిలబడేవాళ్లం మనం. మందులు కొనాలి, మనవల ఫీజులు కట్టాలి, మన సంఘం చందా కట్టాలి. అది తప్పు కాదు.

కానీ ఒక సంగతి మాత్రం ఆయన జీవితం నుంచి మనందరికీ అందుతుంది. మనిషిని పట్టుకునేది చెడ్డ వస్తువులే కాదు. చక్కగా చేసిన ఉద్యోగం, కష్టపడి కట్టిన ఇల్లు, పెంచిన పిల్లలు, పైకి తెచ్చిన సంస్థ, ఇవి ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మన తరువాత వచ్చినవారు మన వరుసలో ఫైళ్లు పెట్టరు. కోడలు మన పద్ధతిలో ఇల్లు సర్దదు. కొడుకు మనం చెప్పిన చోట స్థలం కొనడు. అప్పుడు కడుపులో రగిలే మంట ఫ్రాన్సిస్ అంతటివాడికీ తప్పలేదు. ఆయనకూ రెండేళ్లు పట్టింది. మనకు కాస్త ఎక్కువ పడితే సిగ్గుపడనక్కరలేదు. అంతవరకూ మనం నిర్వహించింది చార్జి మాత్రమేననీ, అసలు యజమాని వేరే ఉన్నాడనీ గుర్తుంచుకోవాలి. ఆ యజమానిని ఎవరు ఏ పేరుతో పిలుచుకున్నా సరే.

మొన్న మరో పనిమీద పాత ఆఫీసుకు వెళ్లాను. కుర్చీ ఇంకా గోడ వైపే ఉంది. అక్కడ కూర్చుంటే మధ్యాహ్నం ఎండ కళ్లలో పడదని కొత్తాయన చెప్పాడు. ఏళ్ల తరబడి ఆ ఎండకు కళ్లు చికిలించుకుంటూ కూర్చున్నది నేనే. ఆ రాత్రి మాత్రం నాకు చక్కగా నిద్ర పట్టింది.